సిఫ్ 3 లో కన్స్యూమర్, ప్రొవైడర్ ఎన్విరాన్మెంట్లు సెట్ చేసుకోవడం: మొదటి 401 నుంచి క్యూలో ఈవెంట్ వచ్చేదాకా

సిఫ్ 3 (స్కూళ్ళ సాఫ్ట్‌వేర్లు డేటా ఇచ్చిపుచ్చుకునే స్టాండర్డ్) పని మొదటిసారి చేతికొచ్చినప్పుడు దాదాపు అందరూ ఒకే చోట జారిపడతారు, నేనూ పడ్డా. ఎన్విరాన్మెంట్ అన్న మాట కనపడగానే మన బుర్ర డెవ్, టెస్ట్, ప్రొడక్షన్ వైపు పోతుంది కదా, ఇక్కడ దానర్థం అస్సలు అది కాదు. సిఫ్ లో ఎన్విరాన్మెంట్ అంటే, ఒక అప్లికేషన్ వచ్చి "నేను ఫలానా, నాకు ఈ డేటా కావాలి" అని అడిగితే అవతలివాళ్ళు దాని పేరు మీద తయారుచేసి ఇచ్చే ఒక రికార్డు. అందులో నీ సెషన్ టోకెన్ ఇదీ, నువ్వు వాడాల్సిన యూఆర్‌ఎల్స్ ఇవీ, ఈ జోన్‌లో (డేటానీ హక్కుల్నీ విడదీసిన ఒక విభాగం) ఈ ఆబ్జెక్ట్ మీద నీకున్న హక్కులు ఇవీ అని రాసి ఉంటుంది. అంటే సర్వరూ కాదు, ఫోల్డరూ కాదు, మీ ప్రాపర్టీస్ ఫైలు అసలే కాదు.

ఇది ఎందుకు ముందే చెప్తున్నానంటే, సెటప్‌లో వచ్చే తలనొప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. ప్రాపర్టీస్ ఫైల్లో రాసింది మీరు అడిగింది మాత్రమే, తిరిగొచ్చిన ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్నది మీకు దొరికింది. ఈ రెండూ ఒకటే అనుకుని ఫైల్లో "సరిగ్గానే రాశాను కదా, మరి 403 (నీకు హక్కు లేదు అనే జవాబు) ఎందుకొస్తోంది" అని ఆ ఫైలునే పదిసార్లు చూసుకుంటూ కూర్చుంటాం.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సిఫ్ అనేది స్కూళ్ళ సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి డేటా ఇచ్చిపుచ్చుకోడానికి పెట్టుకున్న స్టాండర్డ్. స్టూడెంట్ వివరాలుండే సిస్టమ్ ఒకటి, లైబ్రరీది ఒకటి, టైమ్‌టేబుల్‌ది ఒకటి, వీటన్నిటికీ విడివిడిగా జతజతకీ వైర్లు లాగకుండా అందరూ ఒకే భాషలో మాట్లాడుకునేలా చెయ్యడం దాని పని. పాత వెర్షన్లలో ఏజెంట్లు, మధ్యలో జోన్ ఇంటిగ్రేషన్ సర్వర్ అని ఒకటి ఉండేది, 3 కి వచ్చేసరికి మొత్తం రెస్ట్ (మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్టులతో నడిచే పద్ధతి) మీదకి మారింది. దీన్ని చూసుకునేది ఇప్పుడు యాక్సెస్ 4 లెర్నింగ్ అని పిలిచే కమ్యూనిటీ. డేటా మోడల్ దేశానికొకటి వేరేగా ఉంటుంది గానీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ పద్ధతి ఒకటే, నేను రాసేది ఆ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ గురించే. ఉదాహరణకి స్టూడెంట్ సిస్టమ్‌ని ప్రొవైడర్‌గా (డేటా ఇచ్చేది), లైబ్రరీ యాప్‌ని కన్స్యూమర్‌గా (డేటా అడిగేది) పెట్టుకుందాం.

డైరెక్టా, బ్రోకరా

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. డైరెక్ట్ ఎన్విరాన్మెంట్‌లో కన్స్యూమర్ నేరుగా ప్రొవైడర్ దగ్గరికే వెళ్తుంది, డేటా ఇచ్చేదీ అదే, ఎన్విరాన్మెంట్ తయారుచేసి ఇచ్చేదీ అదే. బ్రోకర్ పద్ధతిలో మధ్యలో ఒక పెద్దమనిషి ఉంటాడు, కన్స్యూమర్లూ ప్రొవైడర్లూ అందరూ వాడితోనే మాట్లాడతారు, ఎన్విరాన్మెంట్లు ఇచ్చేదీ వాడే.

నా సలహా ఏంటంటే, ఆఖరికి బ్రోకరే వాడబోతున్నా సరే ముందు ఒకే మెషీన్ మీద డైరెక్ట్‌లో నడిపించి చూడండి. మధ్యలో బ్రోకర్ ఉంటే తప్పు ఎవరిదో తెలీదు, మూడు చోట్ల లాగ్స్ చూడాలి, పైగా బ్రోకర్ లాగ్స్ మన చేతిలో ఉండవు, ఇంకెవర్నో బతిమాలాలి.

కోడ్ ముట్టుకునే ముందు రాసిపెట్టుకోవాల్సినవి

ఒక కన్స్యూమర్ ఎవరు అన్నది నాలుగు విలువలు కలిపి తేలుస్తాయి: సొల్యూషన్ ఐడీ, అప్లికేషన్ కీ, యూజర్ టోకెన్, ఇన్‌స్టాన్స్ ఐడీ. అప్లికేషన్ కీ ఒక్కటీ తప్పనిసరి అనుకోండి, మిగతావి మీ సెటప్‌ని బట్టి ఖాళీగానూ ఉండొచ్చు. కానీ ఖాళీగా వదలడం కూడా ఒక విలువే అని గుర్తుపెట్టుకోండి. ప్రొవైడర్ వైపు యూజర్ టోకెన్ ఖాళీగా నమోదై ఉండి మీరు ఏదో ఒకటి పంపితే అది వేరే మనిషి కిందే లెక్క, గుర్తుపట్టదు.

తమాషా ఏంటంటే మనం మామూలుగా అనుకునే డెవ్, టెస్ట్, ప్రొడక్షన్ తేడా చూపించడానికి చాలామంది వాడేది సొల్యూషన్ ఐడీనే. అందుకే "ఏ ఎన్విరాన్మెంట్‌లో టెస్ట్ చేశావ్" అని ఎవరైనా అడిగితే ముందు వాళ్ళు ఏ అర్థంలో అడుగుతున్నారో కనుక్కుని అప్పుడు జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది.

ఇన్‌స్టాన్స్ ఐడీ దగ్గర కొంచెం ఆగాలి. అదే యాప్‌ని మీ లాప్‌టాప్ మీదా, టెస్ట్ సర్వర్ మీదా రెండుచోట్లా నడుపుతూ నాలుగు విలువలూ ఒకటే ఇచ్చారనుకోండి, అవతలివైపుకి రెండూ ఒకటే అప్లికేషన్. ఒకటి తీసిన మెసేజ్ రెండోదానికి రాదు, ఒకటి ఎన్విరాన్మెంట్ డిలీట్ చేస్తే రెండోది గాల్లో వేలాడుతుంది. కాబట్టి వేర్వేరు ఇన్‌స్టాన్స్ ఐడీలు పెట్టండి. అలాగని కంటైనర్ హోస్ట్‌నేమ్‌ని ఇన్‌స్టాన్స్ ఐడీగా పెట్టేయొద్దు, అది రీస్టార్ట్ అయినప్పుడల్లా మారుతుంది, రోజుకో కొత్త ఎన్విరాన్మెంట్ పుట్టి పాతవన్నీ అనాథల్లా అక్కడే పడుంటాయి, వాటి క్యూలు (వాటి కోసం వచ్చిన మెసేజ్‌లు ఆగే వరుసలు) నిండుతూనే ఉంటాయి. మీ చేత్తో ఇచ్చిన, మారని పేరు పెట్టుకోండి.

వీటితో పాటు పాస్‌వర్డ్ అంటే షేర్డ్ సీక్రెట్, ఏ ఆథెంటికేషన్ పద్ధతి (బేసికా, హెచ్‌మ్యాకా), డేటా మోడల్ నేమ్‌స్పేస్, ఎక్స్‌ఎంఎల్ ఆ జేసన్ ఆ, బేస్ యూఆర్‌ఎల్. నేమ్‌స్పేస్‌లో వెర్షన్ నంబర్ కూడా ఉంటుంది, రెండువైపులా అక్షరం అక్షరం ఒకటే ఉండాలి, చివర స్లాష్ ఎక్కువైనా అది వేరే నేమ్‌స్పేసే. ఇక జేసన్ మీద మోజుంటే కాసేపు ఆపుకోండి. సిఫ్ ఆబ్జెక్టులు పుట్టుకతో ఎక్స్‌ఎంఎల్, వాటిని జేసన్‌లోకి మార్చినప్పుడు లిస్టులో ఇద్దరు స్టూడెంట్లుంటే అర్రే, ఒక్కరే ఉంటే మామూలు ఆబ్జెక్ట్ అయిపోయే అవకాశం ఉంది. టెస్ట్ డేటాలో అందరికీ రెండేసి ఫోన్ నంబర్లుంటే బయటపడదు, ఒక నంబరే ఉన్న పిల్లాడు వచ్చిన రోజు పగుల్తుంది. ముందు ఎక్స్‌ఎంఎల్‌తో నడిపించి తర్వాత మార్చుకోండి.

ప్రొవైడర్ వైపు, డైరెక్ట్‌లో

ఇక్కడ ప్రొవైడర్ రెండు వేషాలు వేస్తుంది, డేటా ఇచ్చేది ఒకటి, గేటు దగ్గర వాచ్‌మన్ ఒకటి. వాచ్‌మన్ దగ్గర ఒక లిస్టు ఉండాలి. పైన చెప్పిన నాలుగు విలువలు, పాస్‌వర్డ్, ఆథెంటికేషన్ పద్ధతి కలిపి ఒక్కో కన్స్యూమర్‌కి ఒక్కో వరుస, సాధారణంగా డేటాబేస్ టేబుల్‌లో ఉంటుంది. ఆ వరుస పక్కనే ఈ కన్స్యూమర్‌కి ఏ ఎన్విరాన్మెంట్ టెంప్లేట్ ఇవ్వాలో రాసి ఉంటుంది.

ఆ టెంప్లేట్ అసలు గుండెకాయ. అది ఒక ఎక్స్‌ఎంఎల్, అందులో జోన్లు, ఒక్కో జోన్ కింద సర్వీసులు, ఒక్కో సర్వీసు కింద హక్కులు. లైబ్రరీ యాప్ కోసం రాస్తున్నాం అనుకుంటే ఇలా ఉంటుంది:

జోన్: మెయిన్ స్కూల్ జోన్
సర్వీసు: స్టూడెంట్‌పర్సనల్స్, కాంటెక్స్ట్ (ఏ సందర్భపు డేటా అన్నది) డిఫాల్ట్, టైప్ ఆబ్జెక్ట్
క్వెరీ: అప్రూవ్డ్
సబ్‌స్క్రైబ్: అప్రూవ్డ్
క్రియేట్, అప్‌డేట్, డిలీట్: రిజెక్టెడ్

హక్కులు మొత్తం ఏడు: క్వెరీ, క్రియేట్, అప్‌డేట్, డిలీట్, సబ్‌స్క్రైబ్, ప్రొవైడ్, అడ్మిన్. వాటికి ఇవ్వగలిగిన విలువలు నాలుగు: అప్రూవ్డ్, రిజెక్టెడ్, రిక్వెస్టెడ్, సపోర్టెడ్. పని జరిగేది అప్రూవ్డ్ ఉన్నప్పుడు మాత్రమే. సపోర్టెడ్ అంటే ఈ సర్వీసు అలాంటి పని చెయ్యగలదు అని అర్థం, నువ్వు చెయ్యొచ్చు అని కాదు. ఈ ఒక్క మాట దగ్గర ఎంతమంది మోసపోతారో, "సపోర్టెడ్ అని ఉంది కదండీ మరి 403 ఏంటి" అంటారు.

సర్వీసు పేరు బహువచనంలో ఉంటుంది, ఆబ్జెక్టు పేరు ఏకవచనం. స్టూడెంట్‌పర్సనల్ అనేది ఒక పిల్లాడి రికార్డు, స్టూడెంట్‌పర్సనల్స్ అనేది సర్వీసు. టెంప్లేట్‌లో ఆ చివరి అక్షరం మర్చిపోతే ఎర్రర్ ఏమీ చెప్పదు, ఆ సర్వీసుకి హక్కు లేదంటుందంతే. అలాగే ఫలానా స్కూల్లోని పిల్లలందరూ అని సర్వీస్ పాత్‌తో అడగాలంటే దానికి విడిగా ఇంకో ఎంట్రీ కావాలి, టైప్ కూడా సర్వీస్ పాత్ అని మార్చాలి. మామూలు ఆబ్జెక్ట్ హక్కు దానికి సరిపోదు.

తర్వాత డేటా తెచ్చి ఇచ్చే క్లాసు. మీ ఫ్రేమ్‌వర్క్‌లో ఏ ఆబ్జెక్టుకి ఏ క్లాసు అన్నది కాన్ఫిగరేషన్‌లో రాయాలి, టెంప్లేట్‌లో హక్కు ఇచ్చి క్లాసు నమోదు చెయ్యకపోతే కన్స్యూమర్‌కి అన్నీ ఉన్నట్టే కనపడుతుంది, అడిగితే మాత్రం ఏమీ రాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు పెట్టుకోవడం మేలు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ నాకు ఒక సాయంత్రం మొత్తం పోయింది. సిఫ్‌లో జోన్, కాంటెక్స్ట్ అనేవి యూఆర్‌ఎల్‌లో సెమికోలన్ తర్వాత వస్తాయి, మ్యాట్రిక్స్ పారామీటర్లు అంటారు. స్ప్రింగ్ సెక్యూరిటీలో డిఫాల్ట్‌గా ఉండే ఫైర్‌వాల్ సెమికోలన్ ఉన్న యూఆర్‌ఎల్స్‌ని లోపలికే రానివ్వదు. జోన్ లేకుండా అడిగితే పనిచేస్తుంది, జోన్ పెట్టగానే 400, ప్రొవైడర్ క్లాసులో పెట్టిన లాగ్ లైను కూడా పడదు. ముందు రివర్స్ ప్రాక్సీ ఏదైనా పెట్టుకుంటే అదీ సెమికోలన్‌ని మార్చకుండా పంపుతోందో లేదో చూసుకోండి.

కన్స్యూమర్ వైపు: గేటు దగ్గర మొదటి మాట

కన్స్యూమర్ చేసే మొదటి పని ఎన్విరాన్మెంట్ కావాలని ఒక పోస్ట్ రిక్వెస్ట్ పంపడం. బాడీలో ఎక్స్‌ఎంఎల్: సొల్యూషన్ ఐడీ, ఆథెంటికేషన్ పద్ధతి, ఇన్‌స్టాన్స్ ఐడీ, యూజర్ టోకెన్, కన్స్యూమర్ పేరు, తర్వాత అప్లికేషన్ సమాచారం కింద అప్లికేషన్ కీ, ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ వెర్షన్, డేటా మోడల్ నేమ్‌స్పేస్, ట్రాన్స్‌పోర్ట్ రెస్ట్ అని. ఫ్రేమ్‌వర్క్ వాడుతుంటే ఇది మీరు చేత్తో రాయక్కర్లేదు, అయినా మొదటిసారి చేత్తోనే పంపి చూడమంటాను, పోస్ట్‌మన్ లాంటి టూల్‌తో చాలు.

ఇప్పుడు ఆథరైజేషన్ హెడర్. బేసిక్ పద్ధతిలో అప్లికేషన్ కీ, కోలన్, పాస్‌వర్డ్ కలిపి బేస్64 చెయ్యడమే. ఇంత సులువైన దానికి నేను మూడు రోజులు 401 (నువ్వెవరో తేలలేదు అనే జవాబు) చూశాను. పాస్‌వర్డ్ పంపినవాళ్ళని అనుమానించా, వాళ్ళ డేటాబేస్‌ని అనుమానించా, మెయిల్స్ మీద మెయిల్స్ కొట్టా. తీరా చూస్తే టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో బేస్64 చేశాను, ఎకో చివర్లో ఒక న్యూలైన్ కలుపుతుంది, అది కూడా ఎన్‌కోడ్ అయిపోయి పాస్‌వర్డ్‌లో భాగమైపోయింది. దీన్ని కంటితో పట్టుకునే చిట్కా ఒకటుంది: న్యూలైన్ కలిసిన బేస్64 చివర ఎప్పుడూ మూడింట్లో ఒకలా ముగుస్తుంది, పెద్ద బడి కే తోనో, లేదా చిన్న బడి ఓ తర్వాత ఒక ఈక్వల్ గుర్తుతోనో, లేదా పెద్ద బడి సీ చిన్న బడి జీ తర్వాత రెండు ఈక్వల్ గుర్తులతోనో. న్యూలైన్ లేకుండా కూడా ఎప్పుడైనా అలా ముగియొచ్చు గానీ 401 వస్తూ చివర ఇలా కనపడిందంటే ముందు దాన్నే అనుమానించండి. ఎకోకి మైనస్ ఎన్ ఇస్తే, లేకపోతే ప్రింట్‌ఎఫ్ వాడితే ఆ న్యూలైన్ రాదు.

హెచ్‌మ్యాక్ పద్ధతిలో పాస్‌వర్డ్ వైర్ మీద వెళ్ళదు. కీ, కోలన్, టైమ్‌స్టాంప్ కలిపిన స్ట్రింగ్‌ని పాస్‌వర్డ్‌తో హెచ్‌మ్యాక్ షా 256 చేసి, ఆ వచ్చినదాన్ని బేస్64 చేసి, దాని ముందు కీ, కోలన్ పెట్టి, మొత్తాన్ని మళ్ళీ ఇంకోసారి బేస్64. రెండుసార్లు బేస్64 అన్నమాట, ఒకసారే చేసి ఆపేసేవాళ్ళు చాలామంది. ఆ టైమ్‌స్టాంప్ హెడర్‌లో కూడా విడిగా పంపాలి, హాష్‌లో వాడిన స్ట్రింగ్, హెడర్‌లో వెళ్ళిన స్ట్రింగ్ తూచా తప్పకుండా ఒకటే ఉండాలి. కోడ్‌లో టైమ్‌ని రెండుసార్లు తీసుకుని ఫార్మాట్ చేస్తే రెండూ ఒకటే రాకపోవచ్చు, వందలో ఒకటి ఫెయిల్ అవుతుంటే ముందు దీన్నే అనుమానించండి, ఎందుకంటే రెండు పిలుపుల మధ్య గడియారం కదిలిపోతుంది. ఒకసారి స్ట్రింగ్ చేసి వేరియబుల్‌లో పెట్టుకుని దాన్నే రెండుచోట్లా వాడండి.

అన్నీ కుదిరితే 201 వస్తుంది, బాడీలో ఎన్విరాన్మెంట్.

వచ్చిన ఎన్విరాన్మెంట్‌ని చదవండి, నిజంగా చదవండి

చాలామంది 201 చూడగానే పండగ చేసుకుని ముందుకెళ్ళిపోతారు. ఆ ఎక్స్‌ఎంఎల్‌ని ఫైల్లో సేవ్ చేసుకుని ఒక్కసారి పైనుంచి కిందకి చదివితే రాబోయే వారం రోజుల పని తప్పుతుంది.

మొదటిది సెషన్ టోకెన్. ఇక్కణ్నుంచి ఆథరైజేషన్‌లో అప్లికేషన్ కీ ప్లేస్‌లో ఇదే వాడాలి, పాస్‌వర్డ్ మాత్రం పాతదే. పాస్‌వర్డ్ కూడా మారుతుందని అనుకునేవాళ్ళని చూశాను, మారదు.

రెండోది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసుల యూఆర్‌ఎల్స్: ఈ ఎన్విరాన్మెంట్‌ది ఒకటి, రిక్వెస్ట్స్ కనెక్టర్, ఈవెంట్స్ కనెక్టర్, క్యూలు, సబ్‌స్క్రిప్షన్లు, ప్రొవిజన్ రిక్వెస్టులు. వీటిని కోడ్‌లో హార్డ్‌కోడ్ చెయ్యొద్దు, వచ్చినవే వాడండి, ఎన్విరాన్మెంట్‌లో ఇవి ఇచ్చేదే అందుకు. కాకపోతే ఒకసారి కంటితో చూసుకోండి, లోకల్‌హోస్ట్ అని వస్తే ప్రొవైడర్ టెంప్లేట్‌లో ఎవరో డెవలప్‌మెంట్ అడ్రసు అలాగే వదిలేశారని అర్థం. అదే మెషీన్ మీద టెస్ట్ చేసినన్నాళ్ళూ ఇది బయటపడదు, వేరే మెషీన్ నుంచి కొట్టిన రోజు ఎన్విరాన్మెంట్ వస్తుంది గానీ డేటా రాదు, కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటుంది.

మూడోది ప్రొవిజన్డ్ జోన్లు. మీరు పైన రాసిన టెంప్లేట్ ఇక్కడ తిరిగి కనపడాలి. ఏ సర్వీసుకి ఏది అప్రూవ్డ్ ఉందో చూసి, మీ యాప్‌కి కావాల్సిన దాంతో పోల్చుకోండి. డిఫాల్ట్ జోన్ అని కూడా ఒకటి ఉంటుంది, మీరు జోన్ చెప్పకుండా అడిగితే దాని కిందకి వెళ్తుంది.

ఇప్పుడు మొదటి క్వెరీ: రిక్వెస్ట్స్ కనెక్టర్ యూఆర్‌ఎల్ చివర స్టూడెంట్‌పర్సనల్స్ తగిలించి గెట్ కొట్టండి, హెడర్లలో పేజీ నంబర్, పేజీ సైజు ఇవ్వండి. పేజింగ్ లేకుండా మొత్తం అడిగితే పెద్ద డేటా ఉన్న ప్రొవైడర్ 413 అని తిప్పికొట్టొచ్చు, అది మీ రిక్వెస్ట్ పెద్దదైందని కాదు, ఇవ్వాల్సిన జవాబు పెద్దదని. పేజీకి అయిదుగురితో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోండి.

రెండోసారి స్టార్ట్ చేస్తే 409

యాప్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి మళ్ళీ పోస్ట్ కొడితే 409 వస్తుంది. తప్పు కాదు, నీకిప్పటికే ఎన్విరాన్మెంట్ ఉంది కదా మళ్ళీ ఎందుకు అంటోంది. అందుకే మొదటిసారి వచ్చిన సెషన్ టోకెన్, ఎన్విరాన్మెంట్ యూఆర్‌ఎల్ రెండూ ఎక్కడో భద్రంగా దాచుకోవాలి, డేటాబేస్ అయితే మంచిది. మళ్ళీ లేచినప్పుడు దాచిన టోకెన్‌తో ఆ యూఆర్‌ఎల్‌కి గెట్ కొడితే ఎన్విరాన్మెంట్ తాజాగా వస్తుంది, మధ్యలో అడ్మిన్ హక్కులు మార్చి ఉంటే అవి కూడా అందులో కనపడతాయి.

టోకెన్ పోగొట్టుకుంటే అవతలివాళ్ళని అడిగి పాతది డిలీట్ చేయించుకోవడమే దారి. కొంతమంది ఈ గొడవ పడలేక షట్‌డౌన్ అప్పుడు ఎన్విరాన్మెంట్ డిలీట్ చేసే సెట్టింగ్ ఆన్ చేస్తారు. క్వెరీలు మాత్రమే చేసే యాప్‌కి పర్లేదు. కానీ ఈవెంట్లు వింటున్న యాప్‌కి అది చేస్తే, ఎన్విరాన్మెంట్‌తో పాటు క్యూ, సబ్‌స్క్రిప్షన్, క్యూలో ఇంకా చదవని మెసేజ్‌లూ అన్నీ కొట్టుకుపోతాయి. రాత్రి రీస్టార్ట్ టైమ్‌లో ఎవరైనా పిల్లాడు సెక్షన్ మారితే లైబ్రరీకి ఎప్పటికీ తెలీదు, ఎర్రర్ కూడా ఎక్కడా ఉండదు. టెస్టింగ్‌లో ఆన్, నిజం వాడకంలో ఆఫ్.

బ్రోకర్ మధ్యలోకి వచ్చాక

డైరెక్ట్‌లో అన్నీ నడిచాక బ్రోకర్‌కి మారడం అనుకున్నంత కష్టం కాదు, కాకపోతే ఒక్క విషయం తలకెక్కాలి: బ్రోకర్ ముందు ప్రొవైడర్ కూడా ఒక క్లయింటే. స్టూడెంట్ సిస్టమ్ కూడా లైబ్రరీ యాప్ లాగే గేటు దగ్గరికి వెళ్ళి, తన సొంత అప్లికేషన్ కీతో పోస్ట్ కొట్టి, తన ఎన్విరాన్మెంట్ తెచ్చుకోవాలి. తేడా ఒక్కటే, దాని హక్కుల్లో ఆ సర్వీసుకి ప్రొవైడ్ అప్రూవ్డ్ ఉండాలి.

అంటే ఇప్పుడు ప్రొవైడర్‌కి రెండు దిక్కుల ఆథెంటికేషన్. తను బ్రోకర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తనని తాను నిరూపించుకోవాలి, బ్రోకర్ తన దగ్గరికి రిక్వెస్ట్ పంపినప్పుడు అది నిజంగా బ్రోకరేనా అని చూసుకోవాలి. ఈ రెండో దిక్కు మర్చిపోయి ప్రొవైడర్ ఎండ్‌పాయింట్‌ని బార్లా తెరిచి వదిలేసిన సెటప్‌లు నేను చూశాను, పిల్లల అడ్రసులూ పుట్టినతేదీలూ ఉండే డేటా అది, దయచేసి అలా వదలకండి. ప్రొవైడర్ ఎండ్‌పాయింట్ అడ్రసు బ్రోకర్ దగ్గర నమోదై ఉండాలి, బ్రోకర్ ఉన్న చోటు నుంచి ఆ అడ్రసుకి దారి ఉండాలి, ఫైర్‌వాల్ మిగతా అందరికీ మూసి ఉండాలి.

హక్కుల టెంప్లేట్ మీ డేటాబేస్‌లోంచి బ్రోకర్ అడ్మిన్ స్క్రీన్‌లోకి వెళ్ళిపోతుంది. డైరెక్ట్ కోసం మీరు రాసుకున్న టేబుల్స్ ఇక చదవబడవు, వాటిని మార్చి ఎందుకు పనిచెయ్యట్లేదని చూడొద్దు. కావాల్సిన హక్కు లేకపోతే ప్రొవిజన్ రిక్వెస్ట్ పంపే దారి స్టాండర్డ్‌లో ఉంది, చాలాచోట్ల అడ్మిన్ ముందే చేత్తో ఇచ్చేస్తాడు కాబట్టి ఫోన్ చేసి అడగడమే తొందరగా తేలుతుంది.

స్టార్ట్ చేసే వరుస కూడా చూసుకోండి. ప్రొవైడర్ లేవకముందే కన్స్యూమర్ అడిగితే బ్రోకర్ 503 లాంటిది ఇస్తుంది, కన్స్యూమర్ కోడ్ దాన్ని చూసి చచ్చిపోకుండా కాసేపాగి మళ్ళీ అడిగేలా ఉండాలి.

ఈవెంట్లు, క్యూ

బ్రోకర్ వల్ల వచ్చే అసలు లాభం ఇది. లైబ్రరీ యాప్ అయిదు నిమిషాలకోసారి మొత్తం పిల్లల్ని అడగక్కర్లేదు, ఎవరిదైనా మారితే ఈవెంట్ వస్తుంది.

కన్స్యూమర్ ముందు ఒక క్యూ సృష్టించుకోవాలి, దాని ఐడీతో సబ్‌స్క్రిప్షన్ పెట్టాలి, ఫలానా జోన్, ఫలానా కాంటెక్స్ట్, ఫలానా సర్వీసు అని. జోన్ పేరు ఎన్విరాన్మెంట్‌లో వచ్చింది వచ్చినట్టు కాపీ చెయ్యండి, నోటితో విన్నది టైప్ చెయ్యొద్దు. ప్రొవైడర్ తన ఎన్విరాన్మెంట్‌లో వచ్చిన ఈవెంట్స్ కనెక్టర్‌కి మార్పులు పంపుతుంది, బ్రోకర్ వాటిని సబ్‌స్క్రైబ్ చేసినవాళ్ళ క్యూల్లో వేస్తుంది, కన్స్యూమర్ క్యూని పోల్ చేసి ఒక్కొక్కటే తీసుకుంటుంది. ఏమీ లేకపోతే 204.

ఇక్కడ కొత్తవాళ్ళని పిచ్చెక్కించేది ఒకటుంది, పోల్ చేసిన ప్రతిసారీ అదే మెసేజ్ వస్తూ ఉంటుంది. మెసేజ్ చదవడం వేరు, క్యూలోంచి తీసెయ్యడం వేరు. ఒక మెసేజ్ పని పూర్తయ్యాక, తర్వాతి గెట్‌లో ఆ మెసేజ్ ఐడీని డిలీట్ మెసేజ్ ఐడీగా ఇవ్వాలి, అప్పుడు పాతది పోయి కొత్తది వస్తుంది. ఇది మన మంచికే: డేటాబేస్‌లో రాస్తుండగా యాప్ పడిపోతే మెసేజ్ ఇంకా క్యూలోనే ఉంటుంది. కాబట్టి కమిట్ అయ్యాకే ఐడీ ఇవ్వండి, ముందే ఇచ్చేస్తే ఈ సౌకర్యం మొత్తం వృధా. అదే మెసేజ్ రెండుసార్లు వచ్చినా నష్టం లేకుండా కన్స్యూమర్ రాసుకోవడం కూడా మీ పనే. పాడైన మెసేజ్ ఒకటి వచ్చి ప్రతిసారీ ఎక్సెప్షన్ కొడుతుంటే దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి, అలాంటిదాన్ని పక్కన ఒక ఫైల్లో పడేసి క్యూలోంచి తీసేసే ఏర్పాటు ముందే పెట్టుకోండి.

అప్‌డేట్ ఈవెంట్‌తో పాటు రీప్లేస్‌మెంట్ అనే హెడర్ వస్తుంది, విలువ ఫుల్ లేదా పార్షియల్. పార్షియల్ అంటే మారిన ఫీల్డులు మాత్రమే పంపామని. దీన్ని పట్టించుకోకుండా వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌ని అలాగే సేవ్ చేస్తే, ఫోన్ నంబరు మారిన పిల్లాడికి లైబ్రరీలో పేరూ, తరగతీ, అడ్రసూ అన్నీ ఖాళీ అయిపోయి నంబరొక్కటే మిగులుతుంది.

పెద్ద క్వెరీలకి డిలేడ్ రిక్వెస్ట్ అని ఉంది, అడగ్గానే 202 ఇచ్చి అసలు జవాబుని తర్వాత అదే క్యూలో వేస్తారు. రిక్వెస్ట్ ఐడీ మీరిచ్చిందే జవాబుతో తిరిగొస్తుంది, ఏ ప్రశ్నకి ఏ జవాబో దాంతోనే జతపరచుకోవాలి, అందుకే పంపేటప్పుడే ఆ ఐడీలని టేబుల్‌లో రాసిపెట్టండి. రెండు వారాల తర్వాత చేద్దాంలే అనుకుంటే క్యూలో తల్లీతండ్రీ తెలియని జవాబులు పోగవుతాయి.

ఆఖర్న ఒక టెస్టు

స్టూడెంట్ సిస్టమ్‌లో ఒక పిల్లాడి సెక్షన్ ఏ నుంచి బి కి మార్చండి, మార్చిన టైము రాసుకోండి. లైబ్రరీ యాప్‌ని ఆపేసి ఉంచి ఇంకో పిల్లాడి సెక్షన్ కూడా మార్చండి, తర్వాత యాప్ లేపండి. దాచిన టోకెన్‌తో ఎన్విరాన్మెంట్ తెచ్చుకుని, 409 లేకుండా, క్యూలోంచి ఆ రెండో మార్పు తీసుకుని, మిగతా ఫీల్డులు ఏవీ చెరపకుండా సేవ్ చేసి, మెసేజ్ క్యూలోంచి పోయిందంటే సెటప్ అయినట్టే. ఇక మిగిలింది టెస్ట్ పాస్‌వర్డ్ మార్చడం, అది రెండువైపులా ఒకే టైమ్‌లో మార్చాలి, లేదంటే మళ్ళీ 401 దగ్గరికే వస్తారు.